మాటల పలక కోసం నోయిడా దాకా

మేం ఢిల్లీ వెళ్ళొచ్చామని తెలిసి మా బడిలో టీచర్లందరూ ఎర్రకోట ఎలా ఉందని అడిగారు. మేం ఎర్రకోట చూడలేదు. కుతుబ్‌మీనారూ చూడలేదు. ఇందిరాపురంలో ఒక ఇల్లు, నోయిడాలో ఒక కాలేజీ గది, కంటోన్మెంటులో ఒక మిలిటరీ క్వార్టరు, ఒక బజారు, ఇంతే చూశాం. అయినా ఇన్ని సంగతులు వెంట తెచ్చుకున్న ప్రయాణం నాకు మరొకటి లేదు. అందుకే రాస్తున్నాను.

మాది కర్నూలు జిల్లా ఆదోని. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. మా ఆయన ఈరన్న పత్తి మార్కెట్ యార్డులో వేలం పాడేవారు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కాలు చాలావరకు తేరుకుంది, కుడిచెయ్యి కొంత కుదురుకుంది. మాట మాత్రం తిరిగి రాలేదు. ఎదుటివాళ్ళు చెప్పేదంతా ఆయనకు అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నదీ లోపల ఉంటుంది. నోటికి మాత్రం ‘అదే’ అన్న ఒక్క మాటే వస్తుంది. ఆకలైనా అదే, కోపమొచ్చినా అదే. అక్షరాలు కూడా కళ్ళముందు అలికినట్టు అయిపోతాయి కాబట్టి రాసి చూపించడానికీ వీల్లేదు.

కర్నూలు ఆసుపత్రిలో మాట నేర్పే డాక్టరమ్మ ఒకరోజు ఒక కబురు చెప్పింది. ఢిల్లీ దగ్గర కొందరు కలిసి ‘మాటల పలక’ తయారుచేస్తున్నారట. టాబ్లెట్ మీద బొమ్మలుంటాయి, బొమ్మ నొక్కితే అది మాట పలుకుతుంది. ఇలాంటివి విదేశాల్లో అమ్ముతారు గాని వాటికి తెలుగు రాదు, లోపల ఏముందో విప్పి మార్చుకునే వీలూ లేదు. వీళ్ళది అలా కాదు. బొమ్మలు, ప్రోగ్రాము, గొంతులు, చేసిన పరీక్షల ఫలితాలు అన్నీ బాహాటంగా ఇంటర్నెట్లో పెడతారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. తెలుగు పలక ఇప్పుడే మొదలైందనీ, అది వాడాల్సినవాళ్ళే పక్కన కూర్చుని చెబితే తప్ప బాగుపడదనీ, రైలు ఖర్చులు వాళ్ళే ఇస్తారనీ చెప్పింది.

మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. యార్డులో ఆయనతో పాటు పనిచేసే ఖాజా వచ్చి మంచం మీద కూర్చున్నాడు. “పోయి సూడు ఈరన్నా. నచ్చకుంటే వాళ్ళ మొగాన కొట్టి రా. ఈడ కూకోని పీకేదేముంది?” అన్నాడు. మర్నాడు మా ఆయనే అటక మీది పెట్టె వైపు చెయ్యి చూపించారు.

ఇందిరాపురం

మాకు ఆశ్రయమిచ్చింది కిరణ్మయి. గుంటూరు అమ్మాయి, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తెలుగు పలక పని తీరిక సమయంలో చూసేది ఆమే. ఫిబ్రవరి చలి. స్టేషన్నుంచి టాక్సీ దిగేసరికి మా ఆయన మంకీ క్యాపు లోంచి ముక్కు ఒక్కటే కనబడుతోంది.

అక్కడి అపార్టుమెంట్లను సొసైటీలంటారు. ఒక్కో సొసైటీలో మా ఆదోనిలో ఒక పేటంత జనం. గేటు దగ్గర కాపలావాడు పేరడిగాడు, ఫోన్లో ఏదో నొక్కాడు, పొమ్మన్నాడు. మేం లిఫ్టెక్కి గంట కొట్టాం. తలుపు తీసిన పంజాబీ ఆవిడ మా సంచులు, మా ఆయన చేతికర్ర చూసి, ఎవరు ఏమిటని అడక్కుండానే లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. అల్లం టీ పెట్టింది. తాగడం అయ్యాక అడిగింది, ఎవరింటికని. మేం వెళ్ళాల్సింది పక్క టవరు. మా ఊళ్ళో పొరపాటున ఇంకొకరి ఇంట్లోకి పోతే ముందు కుక్క పలకరిస్తుంది. ఇక్కడ టీ దొరికింది. ఆవిడే ఫోన్ చేసి కిరణ్మయిని పిలిపించింది.

కిరణ్మయి ఇంట్లో మూడు భాషలు మూడు చోట్ల ఉంటాయి. వంటింట్లో తెలుగు, గుమ్మం దగ్గర హిందీ, లాప్‌టాప్ ముందు ఇంగ్లీషు. పొద్దున ముల్లంగి పరాఠా పెట్టింది, పైన వెన్న, పక్కన పెరుగు. మా ఆయనకు పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ లేనిదే గడవదు. పరాఠా సగం తిని పక్కన పెట్టారు.

“కారం చాలలేదా అంకుల్? ఆవకాయ వెయ్యనా?” అంది కిరణ్మయి.

“ఆయనకు పొద్దున ఎక్కువ తినే అలవాటు లేదులేమ్మా” అన్నాను నేను. అది అబద్ధం. మర్యాద కోసం చెప్పాను. మా ఆయన నన్ను ఓరగా చూశారు.

నోయిడా, మూడో అంతస్తు

కాలేజీ వాళ్ళు ఖాళీగా ఉన్న గది ఒకటి ఇచ్చారు. బల్లలన్నీ గుండ్రంగా జరిపి ఉన్నాయి. ఒక మూల హిందీ పలక వాళ్ళు, ఒక మూల బెంగాలీ, ఒక మూల మేము. అందర్నీ కలిపి నడిపేది మీనాక్షి. గురుగ్రామ్ నుంచి రోజూ మెట్రోలో వస్తుంది, నా వయసే ఉంటుంది. వాళ్ళ నాన్నకు మాట పోయినప్పుడు ఈ పని మొదలుపెట్టిందట. ఆదోనిలో సగం ఊరు ఉర్దూ మాట్లాడుతుంది కాబట్టి ఆమె హిందీ నాకు, మా ఆయనకు బాగానే అర్థమైంది.

మా మూలలో ఇంకొకావిడ ఉంది. సత్యవతి. శ్రీకాకుళం మనిషి, భర్త మిలిటరీలో హవల్దారు. తెలుగు పలకకు తన గొంతు ఇవ్వడానికి కంటోన్మెంటు నుంచి వచ్చింది. అంతవరకు పలికేది యంత్రం గొంతు.

మా ఆయన ముందు టాబ్లెట్ పెట్టారు. గ్లాసు బొమ్మ నొక్కారు ఆయన.

“దయచేసి నాకు త్రాగునీటిని అందించగలరా” అంది పలక.

అన్నం పళ్ళెం నొక్కారు. “నేను ఆహారాన్ని కోరుకుంటున్నాను” అంది. తల పట్టుకున్న మనిషి బొమ్మ నొక్కారు. “నా తల నొప్పిని కలిగి ఉంది.”

మా ఆయన టాబ్లెట్‌ను ఎడమచేత్తో మెల్లగా బల్ల అంచు దాకా తోసేశారు.

“కొత్త కదా, అలవాటు కాలేదు” అన్నాను నేను తొందరగా.

మీనాక్షి నా మోచేతి మీద చెయ్యేసింది. “దీదీ, నేను వారిని అడుగుతాను” అంది. మూడు బొమ్మలు తెచ్చి ఆయన ముందు పరిచింది. చెయ్యి, కన్ను, నోరు. నొక్కడం కష్టంగా ఉందా, బొమ్మ అర్థం కాలేదా, మాట బాగాలేదా అని ఒక్కొక్కటీ చూపిస్తూ అడిగింది. ఆయన వేలు నోటి బొమ్మ మీద పెట్టి గట్టిగా తలాడించారు.

ఇక నేను నిజం చెప్పక తప్పలేదు. మా ఊళ్ళో ఏ మనిషీ ఇట్లా మాట్లాడడని చెప్పాను. కిరణ్మయి ముఖం చిన్నబోయింది. ఎన్ని ఆదివారాలు ఆ పని మీద పోసిందో పాపం. “కంప్యూటరు చేసిన తర్జుమా ఆంటీ. ఒకసారి చదివి చూశాను. తప్పుల్లేవు కదా అని వదిలేశాను” అంది.

తప్పుల్లేవు, నిజమే. అందులో మనిషి లేడు.

“మరి మీ ఇళ్ళల్లో నీళ్ళెలా అడుగుతారు?” అంది మీనాక్షి.

“రోంత నీళ్ళియ్యి” అన్నాను నేను.

“కాసిని మంచినీళ్ళివ్వు” అంది కిరణ్మయి.

“మాకైతే కొంచిం నీల్లియ్యి అంతాం” అంది సత్యవతి.

మా ముగ్గురికీ నవ్వొచ్చింది. ఏది పెట్టాలి మరి? కిరణ్మయి అందరికీ అర్థమయ్యేది ఒకటే ఉంచుదామంది. నేను పుస్తకాల తెలుగైతే గొడవుండదన్నాను, టీచరు బుద్ధి. మీనాక్షి ఒప్పుకోలేదు. మూడూ ఉంచండి, పలక తీసుకున్నవాళ్ళు తమ ఇంటి మాట ఎంచుకుంటారు, లేకపోతే కలుపుకుంటారు, అందుకే కదా దీన్ని తెరిచి పెట్టింది అంది.

తర్వాత ఆమె మా ఆయన ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. వాళ్ళు పనికొచ్చినవే కాదు, పనికి రానివి కూడా అందరికీ కనబడేలా రాస్తారట. మరో ఊళ్ళో ఎవరో అదే తప్పు మళ్ళీ చెయ్యకుండా. “మీరు దీన్ని తోసేశారని, ఎందుకో కారణంతో రాయవచ్చా? మీ పేరు వెయ్యం” అని అడిగింది. నన్ను కాదు, ఆయన్ని.

రెండేళ్ళుగా డాక్టర్లు, బ్యాంకు వాళ్ళు, చుట్టాలు అందరూ ఆయన సంగతి నన్నే అడుగుతున్నారు. నేనూ జవాబు చెప్పేస్తున్నాను. ఆయన కాసేపు ఆమె ముఖంలోకి చూసి, నిటారుగా కూర్చుని తలూపారు.

“మా నాన్న ఉన్నన్నాళ్ళూ ఈ పలక సరిగ్గా పలికింది లేదు” అంది మీనాక్షి లేస్తూ. “ఆయన తోసేసినవన్నీ రాసిపెట్టాం. హిందీ పలక వాటి మీదే నిలబడింది.”

మధ్యాహ్నం కాలేజీ బయట బండి మీద ఛోలే కుల్చా, అంటే శనగల కూర, మెత్తటి రొట్టె, తిన్నాం. ప్లేటు యాభై రూపాయలు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ అడిగినన్ని వేస్తాడు. మిరపకాయ దొరికేసరికి మా ఆయన ప్లేటు నున్నగా తుడిచేశారు.

కంటోన్మెంటులో భోజనం

సత్యవతి గొంతు చక్కటిది. చెరువు నీళ్ళలా తేటగా ఉంటుంది. రెండు రోజులు కూర్చుని చాలా మాటలు చెప్పింది. ఆ ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచింది. క్వార్టర్సు వీధి ఎంత శుభ్రంగా ఉందంటే మా ఆయన బీడీ జేబులోనే దాచుకున్నారు. చేపల పులుసు, వేడన్నం. ఢిల్లీలో చెరువు చేప దొరుకుతుంది గాని మా సముద్రం చేప రుచి రాదని ఆమె, సముద్రం చేప మా వైపు ఎవరూ ఎరగరని నేను కబుర్లు చెప్పుకున్నాం.

కంచాలు తీస్తూ ఆమె ఆగిపోయింది. “టీచరుగారూ, ఒక మాట సెప్పాలండి. ఏటనుకోకండి.”

“చెప్పమ్మా.”

“మా ఆయన అడిగారండి, నీ గొంతు ఎవులైనా తీసుకోవచ్చంతన్నారు కదా, దాంతో ఏటి సేస్తారో నీకు తెలుసునా అని. ఈ రోజుల్లో గొంతు దొరికితే మనం అననివి కూడా అనిపిస్తన్నారట. నాకు బయ్యంగా ఉందండి.” ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మీరు అంత దూరం నుంచొచ్చినారు. ఇప్పుడు కాదంటే పాపం కదా అని నిద్దర పట్టలేదు.”

నాకు ఆమె మీద కోపం రాలేదు గాని, మా తిరుగు రైలు దగ్గరపడుతోందన్న బెంగ ఉంది. ఏదో నచ్చజెప్పబోయాను. మా ఆయన నా చీర కొంగు పట్టి లాగారు. వద్దని.

మర్నాడు నోయిడాలో మీనాక్షి ఒక్క మాట కూడా వాదించలేదు. సత్యవతి ముందే ఆ రికార్డింగులన్నీ తీసేసింది. ఇంకా బయట పెట్టలేదు కాబట్టి ఎవరి దగ్గరా నకలు లేదని చూపించింది. “తెరిచి పెట్టడమంటే ఇచ్చేవాళ్ళు ఇష్టంగా ఇస్తేనే” అంది. సత్యవతి తలదించుకుని వెళ్ళిపోయింది. మా మూల మళ్ళీ యంత్రం గొంతుతో మిగిలింది.

ఖాజా గొంతు

నా గొంతు వాడమన్నాను. నాలుగు మాటలు చెప్పి వినిపించాను. మా ఆయన రెండు చెవులూ మూసుకోబోయారు, కుడిచెయ్యి సగంలోనే ఆగింది. గది అంతా నవ్వింది. రోజంతా వినే గొంతే తన నోటినుంచీ వస్తే ఎలా ఉంటుంది మరి. నేనూ నవ్వాను గాని కొంచెం నొచ్చుకున్నాను కూడా.

“అంకుల్‌కి మగ గొంతు కావాలి. అదీ ఆదోని గొంతు” అంది కిరణ్మయి. “మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా ఆంటీ?”

అప్పుడు తోచింది ఖాజా. ఫోన్ చేశాను. “దానికేముంది వదినా, ఇప్పుడే సెప్తా” అన్నాడు. కిరణ్మయి ఫోను తీసుకుని అలా కుదరదని, మంచీ చెడ్డా అన్నీ విడమరిచి చెప్పింది. ఎవరైనా వాడుకుంటారు, దుర్వినియోగం కూడా కావచ్చు, తర్వాత వద్దన్నా అప్పటికే తీసుకున్నవాళ్ళ దగ్గర్నుంచి వెనక్కి తేలేం అని. అవతల ఖాజా నెమ్మదించాడు. “ఇంట్లో అడిగి రేపు సెప్తా పాపా” అన్నాడు. ఆ రాత్రి మా ఆయన పరాఠా ముట్టలేదు. నాకూ సహించలేదు.

పొద్దున్నే ఫోనొచ్చింది. “ఇంట్లో అడిగినా వదినా. ఈరన్న కోసం ఇస్తాండా. ఇంగ ఎవురికన్నా పనికొస్తే మంచిదే గదా. ఒగటే మాట. నా గొంతుతో ఓట్లడిగేది, అప్పులడిగేది సేయగూడదు.”

కిరణ్మయి ఆ షరతు రాసింది. షరతు రాసినంత మాత్రాన దొంగవాడు ఆగడని కూడా మీనాక్షి ఆమెతో ఖాజాకు చెప్పించింది. “అది నాకెరికే లే పాపా” అన్నాడు ఖాజా.

మొదట మాటలు యార్డులోంచే రికార్డు చేసి పంపాడు. వెనకాల హమాలీల అరుపులు, కాటా చప్పుడు. మళ్ళీ చెప్పమన్నాం. ఇంట్లో తలుపులేసుకుని, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ చెప్పాడట. మేం పంపిన మాటలు చెప్పి ఊరుకోలేదు, తనకు తోచినవీ కలిపాడు. వాళ్ళ ఇంటి ఉర్దూలో కూడా కొన్ని. కిరణ్మయి కూర్చుని ఒక్కొక్క గొంతుముక్కనూ ఒక్కొక్క బొమ్మకు తగిలించింది.

టాబ్లెట్ మళ్ళీ మా ఆయన ముందుకు వచ్చింది. గ్లాసు నొక్కారు.

“రోంత నీళ్ళియ్యి” అన్నాడు ఖాజా.

మా ఆయన ఉలిక్కిపడి తలుపు వైపు చూశారు, మనిషి వచ్చాడేమో అన్నట్టు. ఇంకోటి నొక్కారు. “ఆకలైతాంది, యాడుండాది అన్నం?” ఇంకోటి. కోపం ముఖం బొమ్మ. యంత్రం అయితే ‘నేను కోపంగా ఉన్నాను’ అనేది. కోపమొచ్చినవాడు ఎవడైనా అలా చెబుతాడా? ఖాజా అన్నాడు, “ఏంది నీ గోల, రోంత ఊరకుండు.”

మా ఆయన నవ్వారు. భుజాలు ఊగేలా, కుర్చీ కిర్రుమనేలా. మాట పోయింది గాని నవ్వు చెక్కుచెదరలేదని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. రెండేళ్ళుగా ఆయన నవ్విందే లేదు. బెంగాలీ మూలవాళ్ళు కూడా లేచొచ్చి చూశారు. నేను కళ్ళు తుడుచుకోవడానికి బయట వరండాలోకి పోయాను. అక్కడ సత్యవతి నిలబడి ఉంది.

“గొంతు ఇవ్వనేను గానీ మాటలిస్తానండి” అంది. “మావోలు ఎలగంతారో నాను సెప్తాను. ఇంకెవులైనా పలకొచ్చు కదా.”

లోపలికి తీసుకొచ్చాను. ఆ సాయంత్రం దాకా ఆమె, కిరణ్మయి పక్కపక్కన కూర్చుని శ్రీకాకుళం మాటలు ఎక్కించారు.

అట్టా బజారు

ఆఖరి రోజు కిరణ్మయి నోయిడా అట్టా మార్కెట్‌కు తీసుకెళ్ళింది. మా ఊరి సంతకు నాలుగు సంతలు కలిపినట్టుంది. బ్యాగులు, బూట్లు, మోమోల ఆవిరి, చిలగడదుంపలు కాల్చి నిమ్మరసం పిండే బండ్లు. ఖాజాకు ఒక ఉన్ని మఫ్లరు కొందామన్నాను. కొట్టువాడు ఆరువందలన్నాడు. బేరం కోసం నేను నోరు తెరిచేలోపు పక్కనుంచి గట్టిగా వినపడింది.

“నక్కో.”

కొట్టువాడు తలెత్తి మా ఆయన్ని, ఆయన మెడలో తగిలించుకున్న టాబ్లెట్‌ను చూశాడు. వద్దు అనడానికి ‘నక్కో’ అనేది మా వైపు ఉర్దూ, ఢిల్లీలో ఎవరూ అనరు. “నక్కో? హైదరాబాద్ సే హో క్యా అంకుల్?” అన్నాడు నవ్వుతూ, హైదరాబాదు వాళ్ళా అని.

మా ఆయన ఎడమచెయ్యెత్తి మూడు వేళ్ళు చూపించారు. వాడు అయిదన్నాడు. మా ఆయన మళ్ళీ “నక్కో” నొక్కి, కర్ర ఆనించుకుంటూ నడక సాగించారు. నాకు భయమేసింది, జనంలో పడతారేమోనని. కిరణ్మయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. నాలుగడుగులు వేశారో లేదో వాడు పిలిచాడు. మూడున్నరకు తెగింది. వేలం పాడిన మనిషి ఆఖరి ధర దగ్గర ముఖం ఎలా పెడతాడో అలాగే పెట్టి నిలబడ్డారు ఆయన. మఫ్లరు మడిచి ఇస్తూ కొట్టువాడు తనూ ఒక బొమ్మ నొక్కుతానన్నాడు. నొక్కాడు.

“నువ్వు మంచోడివే” అన్నాడు ఖాజా.

కిరణ్మయి హిందీలో చెప్పింది. వాడు ఉబ్బిపోయి, పక్క కొట్టువాణ్ణి పిలిచి ఆ మాట మళ్ళీ వినిపించాడు.

తిరుగు రైలు

సాగనంపడానికి స్టేషనుకు కిరణ్మయి వచ్చింది. పలక ఇంకా పూర్తి కాలేదని, మేం ఊరెళ్ళాక కూడా మాటలు పంపుతూనే ఉండాలని చెప్పింది. డబ్బా నిండా పూరీలు, ఆవకాయ ఇచ్చింది.

పొద్దున భోపాల్లో ఒక పెద్దాయన ఎక్కి మా ఎదురు సీట్లో కూర్చున్నాడు. తెల్లటి మీసాలు, ఒళ్ళో పూల చెట్ల నారు కట్ట. టీ కప్పు అందుకుని మా ఆయన వైపు తిరిగాడు.

“కహాఁ తక్, భాయీసాబ్?” ఎందాకా అని.

నేను నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చోవడం ఇంత కష్టమని అప్పుడు తెలిసింది.

మా ఆయన వేలు పలక మీద తిరిగింది. ఊళ్ళ పేర్లు లోపలి పేజీలో ఉంటాయి. ముందు తప్పు బొమ్మ పడింది. అదీ ఖాజా వాళ్ళింటి ఉర్దూ పేజీ. తలనొప్పి లేచిందని ఉర్దూలో అన్నాడు ఖాజా. పెద్దాయన కంగారుగా జేబు తడుముకుని మాత్ర తీశాడు. మా ఆయన చెయ్యూపి వద్దన్నారు, మళ్ళీ వెతికారు. చాలాసేపు పట్టింది. పెద్దాయన మాత్ర జేబులో పెట్టుకుని, టీ పక్కన పెట్టి, ముందుకు వంగి ఎదురుచూశాడు. నా వైపు ఒక్కసారీ చూడలేదు.

“ఆదోని.”

“అచ్ఛా. అక్కడ ఏం పండుతుంది?”

“కపాస్.” పత్తి బొమ్మ వెంటనే దొరికింది.

ఇంకో బొమ్మ మీద మా ఆయన వేలు పెట్టేసరికి రైలు నర్మద వంతెన ఎక్కింది. ఇనుప కమ్ముల రొద పెట్టె అంతా నిండిపోయింది. మాట వినపడదు. ఆయన వేలు ఆ బొమ్మ పైనే గాల్లో ఆపి, నొక్కకుండా కూర్చున్నారు. కింద నీళ్ళు ఎండలో మెరుస్తున్నాయి. ఎవరో నాణేలు విసిరారు. పెద్దాయన కూడా కదలకుండా ఆగాడు. ఆఖరి కమ్మి వెనక్కి పోయింది, రొద సద్దుమణిగింది.

“ఆప్ కాఁ కే?” మీదే ఊరని అడిగారు మా ఆయన.